కుర్రాడు చిన్న కేసులో ఇరుక్కుంటే: ఫైన్ కట్టే ముందు ప్రొబేషన్ ఎలా అడగాలి

పొద్దున పదిన్నరకి ఏ ఊళ్లోనైనా మేజిస్ట్రేట్ కోర్టు వరండాలో కాసేపు నిలబడండి. ఒక మాట పదిసార్లు వినపడుతుంది. "ఒప్పేసుకోరా, ఫైన్ కట్టేసి బస్సెక్కేద్దాం." ఆ మాట అనేది తండ్రి కావచ్చు, మేనమామ కావచ్చు, ఒక్కోసారి కోర్టు డ్యూటీ కానిస్టేబులే కావచ్చు. కుర్రాడు లోపలికెళ్లి చేతులు కట్టుకుని తలూపుతాడు. ఫైన్ కడతారు, బస్సెక్కుతారు.

అలా బస్సెక్కినవాడొకడు మూడేళ్ల తర్వాత నా దగ్గరికొచ్చాడు. ఇంటర్ చదివే రోజుల్లో బస్టాండు బెంచీ మీద ఎవరో మర్చిపోయిన ఫోను జేబులో వేసుకున్నాడు. దొంగతనం కేసు. మొదటి వాయిదాకే ఒప్పుకుని ఫైన్ కట్టాడు. ఇప్పుడు కానిస్టేబుల్ సెలక్షన్ అయింది, చేతిలో అటెస్టేషన్ ఫారం ఉంది. అందులో ఒక ప్రశ్న: ఎప్పుడైనా ఏ కోర్టయినా నిన్ను దోషిగా తేల్చిందా? వాళ్ల నాన్నకి అర్థం కాలేదు. "ఫైన్ కట్టేశాంగా లాయరుగారూ, కేసు కొట్టేసినట్టేగా?"

కాదు. ఒప్పుకుని ఫైన్ కడితే కోర్టు దోషిగా తేల్చినట్టే. ఆ రోజు కోర్టుకి ఒక అరపేజీ మెమో, అంటే రాతపూర్వక విన్నపం, వేసి ఉంటే అదే నేరానికి, అదే జడ్జిగారి దగ్గర, ఫైన్ కూడా లేకుండా హెచ్చరికతో బయటపడే వీలుండేది. పైగా చట్టం ఒక గొడుగు కూడా పట్టేది. ఆ చట్టం పేరు ప్రొబేషన్ ఆఫ్ అఫెండర్స్ యాక్ట్, 1958. ప్రొబేషన్ అంటే దోషిగా తేలినవాణ్ణి జైలుకి పంపకుండా హెచ్చరించో, మంచి నడవడికి బాండ్ రాయించుకునో వదిలిపెట్టడం. అడగనిదే అమ్మయినా అన్నం పెట్టదంటారు, కోర్టు సంగతి చెప్పాలా? ఎలా అడగాలో, ఎప్పుడు అడగాలో, చేతిలో ఏం ఉండాలో కింద రాస్తున్నాను. మీ కేసు కాగితాలు చూసిన లాయరు వేరేగా చెబితే ఆయన మాటే వినండి. కానీ "దీనికి ప్రొబేషన్ అడగొచ్చా?" అని మాత్రం ఆయన్ని అడగండి.

ముందు వయసు తేల్చండి

స్టేషన్ నుంచి ఫోను రాగానే అందరూ ఎమ్మెల్యే పీఏ నంబరు వెతుకుతారు. మీరు పదో తరగతి మెమో వెతకండి.

నేరం జరిగిందంటున్న రోజుకి పిల్లవాడికి 18 నిండకపోతే దారి పూర్తిగా వేరు. అది మామూలు కోర్టు కేసే కాదు, జువెనైల్ జస్టిస్ బోర్డుకి వెళ్లాలి. లాకప్‌లో పెట్టకూడదు, బేడీలు వేయకూడదు, 24 గంటల్లో బోర్డు ముందు హాజరుపరచాలి. గరిష్ఠ శిక్ష మూడేళ్లు దాటని నేరాన్ని 2015 నాటి జువెనైల్ జస్టిస్ చట్టం పెట్టీ నేరం అంటుంది. మామూలు దొంగతనం అందులోకే వస్తుంది. కేంద్రం 2016లో ఇచ్చిన నమూనా నిబంధనల ప్రకారం ఇలాంటి వాటికి, పెద్దవాళ్లతో కలిసి చేసినవి కాకపోతే, ఎఫ్ఐఆర్ కూడా కట్టకూడదు. జనరల్ డైరీలో రాసుకుని, పిల్లవాడి ఇంటి పరిస్థితుల మీద నివేదిక తయారు చేసి బోర్డుకి పంపాలి. బోర్డు మందలించి పంపొచ్చు, కౌన్సెలింగ్‌కి వెళ్లమనొచ్చు, సమాజసేవ చేయమనొచ్చు. పెట్టీ నేరం విచారణ మొదటి హాజరు నుంచి నాలుగు నెలల్లో, పొడిగిస్తే మరో రెండు నెలల్లో ముగియకపోతే కేసు అక్కడితో ఆగిపోయినట్టే. రేపు ఉద్యోగానికి అది అడ్డు రాకూడదని చట్టంలోని 24వ సెక్షన్ చెబుతోంది.

వయసుకి రుజువు స్కూలు సర్టిఫికెట్ లేదా పదో తరగతి మెమో. అది లేకపోతే మున్సిపాలిటీ లేదా పంచాయతీ ఇచ్చిన జనన ధ్రువపత్రం. రెండూ లేకపోతేనే ఎముకల పరీక్ష. ఆధార్ కార్డు పుట్టిన తేదీకి రుజువు కాదని సుప్రీంకోర్టు 2024లో చెప్పింది, కాబట్టి ఆధార్ చూపించి "పద్దెనిమిది దాటిందిగా" అని ఎవరైనా అంటే అక్కడితో ఒప్పేసుకోకండి. పొరపాటున పెద్దల కోర్టులో కేసు నడిచిపోయినా సరే, తీర్పు వచ్చాక కూడా ఈ వాదన ఎత్తొచ్చు.

ఇక 18 దాటినవాళ్ల సంగతి. ఇళ్లలో ఎక్కువ గందరగోళం ఇక్కడే.

కేసు ఏ దశలో ఉందో చూడండి

పోయిన సొత్తు విలువ 5000 రూపాయల లోపయితే ఒక విషయం తెలుసుకోండి. 2024 జూలై 1 నుంచి ఐపీసీ స్థానంలో భారతీయ న్యాయ సంహిత అమల్లోకి వచ్చింది. దాని 303(2) ప్రకారం మొదటిసారి దోషిగా తేలినవాడు సొత్తు గానీ దాని విలువ గానీ తిరిగిచ్చేస్తే శిక్ష సమాజసేవే. ఇలాంటి దొంగతనం నాన్ కాగ్నిజబుల్ కూడా. అంటే మేజిస్ట్రేటు ఉత్తర్వు లేకుండా పోలీసులు దర్యాప్తు చేయకూడదు, వారంటు లేకుండా అరెస్టు చేయకూడదు. అందుకే పోయిన వస్తువు విలువ కాగితం మీద ఎంత రాస్తున్నారో చూసుకోండి. మూడేళ్లు వాడిన ఫోనుకి కొత్త ఫోను ధర రాస్తే కేసు రంగే మారిపోతుంది.

ఈ సమాజసేవ మొత్తం ఆరు రకాల చిన్న నేరాలకే పెట్టారు. తాగి బహిరంగంగా గొడవ చేయడం, పరువునష్టం వాటిలో ఉన్నాయి. బండి మీద తాగి దొరికితే అది ఇందులోకి రాదు, మోటారు వాహనాల చట్టం 185 కిందికి వస్తుంది. మొదటిసారికే ఆరు నెలల వరకు జైలు, పది వేల ఫైన్, లేదా రెండూ. అక్కడ కోర్టులు అంత మెత్తగా ఉండవు.

ఏడేళ్ల లోపు శిక్ష ఉన్న కేసుల్లో చాలావాటికి అరెస్టు బదులు నోటీసిచ్చి పిలుస్తారు. జనం ఇప్పటికీ 41ఏ నోటీసంటారు, కొత్త ప్రొసీజర్ చట్టంలో (భారతీయ నాగరిక్ సురక్షా సంహిత) అది 35(3). నోటీసు వస్తే వెళ్లండి. వెళ్లకపోతే అరెస్టు చేయొచ్చు. వెళ్లినప్పుడు లాయర్ని వెంటబెట్టుకోండి. ఫీజు ఇచ్చుకోలేకపోతే 15100కి ఫోన్ చేయండి, లేదా కోర్టు ఆవరణలోనే ఉండే మండల న్యాయసేవాధికార కమిటీ ఆఫీసుకి వెళ్లండి. ఆడవాళ్లకి, పిల్లలకి, ఎస్సీ ఎస్టీలకి, కస్టడీలో ఉన్నవాళ్లకి ఆదాయంతో పనిలేకుండా లాయర్ని ఇస్తారు. "ఎస్సైగారు మనోడే, నేను చూసుకుంటా" అంటూ స్టేషన్ బయట టీ తాగే పెద్దమనిషికి ఇచ్చే డబ్బుతో అవతలివాళ్లకి నష్టపరిహారం కట్టేయొచ్చు.

ఆ నష్టపరిహారమే తర్వాతి మెట్టు.

రాజీ కుదిరితే ఇంతకన్నా మంచిది లేదు

మామూలు దొంగతనం, చిన్న దెబ్బలు, ప్రైవేటు ఆస్తికి చేసిన నష్టం లాంటివి రాజీపడదగ్గ నేరాలు. నష్టపోయినవాళ్లు కోర్టుకొచ్చి రాజీపడ్డామని చెబితే, చట్టం దృష్టిలో అది నిర్దోషిగా విడుదలైనట్టే. అటెస్టేషన్ ఫారంలో "దోషిగా తేలిందా" అన్న గడిలో నిజాయితీగా లేదు అని రాసుకోవచ్చు. ప్రొబేషన్ కన్నా ఇది ఒక మెట్టు పైనే.

రాజీకి మీరు కుర్రాణ్ణి తీసుకుని స్వయంగా వెళ్లాలి. పది మందిని వేసుకుని వెళితే అది బెదిరింపు అవుతుంది, ఇంకో కేసు తెచ్చుకున్నట్టే. తల్లో తండ్రో, వాడూ, అవతలివాళ్లకి తెలిసిన ఒక పెద్దాయన, అంతే. వస్తువు పాడైతే బాగు చేయించిన బిల్లు కట్టండి. రసీదు తీసుకోండి. రాజీ కుదరకపోయినా ఆ రసీదు తర్వాత ప్రొబేషన్ పిటిషన్‌కి పనికొస్తుంది.

లోక్ అదాలత్‌లో కేసు పెట్టించుకోవచ్చు. కానీ జాగ్రత్త. లోక్ అదాలత్ రోజున రెండు రకాలుగా కేసులు తీరుతుంటాయి. ఒకటి రాజీ. రెండోది నేరం ఒప్పుకుని ఫైన్ కట్టడం. రెండూ ఒకే హాల్లో, ఒకే పొద్దుటిపూట, అంతే హడావిడిగా జరుగుతాయి. సంతకం పెట్టేముందు "ఇది రాజీయా, ఒప్పుకోలా?" అని నోరు తెరిచి అడగండి.

ప్రొబేషన్: ఏది అడగాలి

1958 చట్టంలో మీకు పనికొచ్చే సెక్షన్లు మూడు.

మూడో సెక్షన్ హెచ్చరించి వదిలేయడం. దొంగతనం, మోసం లాంటి కొన్ని నేరాలకి, ఇంకా రెండేళ్లు మించని శిక్ష ఉన్న ఏ నేరానికైనా, పాత శిక్షలేవీ లేకపోతే అడగొచ్చు. బాండ్ లేదు, ఫైన్ లేదు. జడ్జిగారు నాలుగు మాటలు మందలిస్తారు, అయిపోతుంది.

నాలుగో సెక్షన్ మంచి నడవడి బాండ్. ఉరి గానీ యావజ్జీవం గానీ పడే నేరం కాకపోతే అడగొచ్చు. శిక్ష చెప్పకుండా, మూడేళ్లకి మించని గడువుకి బాండ్ రాయించుకుని పంపిస్తారు. ఆ గడువులో తిన్నగా ఉంటే శిక్ష మాటే రాదు. కోర్టు అనుకుంటే ప్రొబేషన్ ఆఫీసర్ పర్యవేక్షణలో కనీసం ఏడాది ఉండమనొచ్చు. కుర్రాడికి గానీ, జామీను ఇచ్చేవాళ్లకి గానీ స్థిరమైన చిరునామా, లేదా ఒక పని ఉండాలి. చదువు మానేసి ఊరికే తిరుగుతున్నవాడిని ఈ వాయిదాల మధ్యలోనే ఏదో ఒక పనిలో పెట్టమని నేను చెప్పేది అందుకే.

ఆరో సెక్షన్ 21 ఏళ్లు నిండనివాళ్లకి. ఇక్కడ చట్టం తలకిందులుగా మాట్లాడుతుంది. పెద్దవాళ్ల విషయంలో "విడిచిపెట్టొచ్చు" అంటుంది. 21 నిండనివాడి విషయంలో "జైలుకి పంపకూడదు" అంటుంది. పంపాలనుకుంటే జడ్జిగారు ప్రొబేషన్ ఆఫీసర్ నివేదిక తెప్పించుకుని చూడాలి, ఎందుకు పంపుతున్నారో కారణాలు రాయాలి. ఉరి, యావజ్జీవం పడే నేరాలకి మాత్రం ఇది వర్తించదు. పంజాబ్ నుంచి వచ్చిన ఒక పదహారేళ్ల కుర్రాడి కేసులో సుప్రీంకోర్టు 1964లో ఈ సెక్షన్ గురించి వివరంగా చెప్పింది. ఆ తీర్పు రాసింది రాజమండ్రిలో పుట్టిన కోకా సుబ్బారావుగారు, తర్వాత భారత ప్రధాన న్యాయమూర్తి అయ్యారు. కింది కోర్టులో అడగకపోయినా పైకోర్టు ఈ మేలు చేయొచ్చని అందులో ఉంది. కాబట్టి కుర్రాడికి శిక్ష పడిపోయి అప్పీల్లో ఉన్నా ఆలస్యం కాలేదు, అక్కడ అడగండి.

ఒక మెలిక ఉంది, దీన్ని చాలామంది లాయర్లు కూడా చూసుకోరు. జువెనైల్ చట్టంలో వయసు నేరం జరిగిన రోజు నాటిది. ఆరో సెక్షన్‌లో వయసు దోషిగా తేలిన రోజు నాటిది. రామ్‌జీ మిస్సర్ కేసులో సుప్రీంకోర్టు ఎప్పుడో తేల్చిన సంగతి ఇది. అంటే 19వ ఏట దొరికినవాడి కేసు రెండేళ్లు వాయిదాల మీద నడిస్తే ఆరో సెక్షన్ చేజారిపోతుంది. వాయిదా పడితే మంచిదేనని మన ఇళ్లలో ఒక నమ్మకం. ఈ ఒక్క విషయంలో అది బోల్తా కొట్టిస్తుంది. కుర్రాడి 21వ పుట్టినరోజు తేదీని కేసు కట్ట మీద ఎర్ర సిరాతో రాసి పెట్టమని మీ లాయర్ని అడగండి. చేజారినా నాలుగో సెక్షన్ మిగిలే ఉంటుంది, కానీ అప్పుడది బతిమాలుకోవడమే.

ఎవరికి దొరకదో కూడా చెప్పాలి. లంచం కేసుల్లో అడగొద్దు. నిర్లక్ష్యంగా బండి నడిపి ప్రాణం తీసిన కేసుల్లో ప్రొబేషన్ ఇవ్వొద్దని 2000లో సుప్రీంకోర్టు గట్టిగా చెప్పింది.

గంజాయి కేసయితే

ఈ మధ్య మా దగ్గరికొచ్చే ఇరవై ఏళ్లవాళ్లలో సగం మంది ఫోను దొంగలు కాదు, హాస్టల్ గదిలో చిన్న పొట్లంతో దొరికినవాళ్లు. తల్లిదండ్రులకి ఎన్డీపీఎస్ (మత్తుమందుల చట్టం) అన్న మాట వినగానే పదేళ్లు జైలని గుండె ఆగినంత పనవుతుంది. పరిమాణం చూడండి. గంజాయికి కిలో వరకు చిన్న పరిమాణం కింద లెక్క. దానికి శిక్ష గరిష్ఠంగా ఏడాది. వాడినందుకు మాత్రమే పెట్టే 27వ సెక్షన్ కేసయితే గంజాయికి ఆరు నెలలు.

ఈ చట్టంలో రెండు కిటికీలున్నాయి. 64ఏ సెక్షన్ ప్రకారం, వ్యసనానికి లోనైనవాడు 27వ సెక్షన్ కిందో, చిన్న పరిమాణం కిందో కేసులో ఉంటే, తనంతట తాను ప్రభుత్వ లేదా ప్రభుత్వ గుర్తింపు ఉన్న ఆసుపత్రిలో మాన్పించుకునే చికిత్సకి చేరి దాన్ని పూర్తి చేస్తే, ప్రాసిక్యూషనే ఉండదు. మధ్యలో వదిలేస్తే ఆ రక్షణ పోతుంది. 39వ సెక్షన్ దోషిగా తేలిన తర్వాతది. జైలు బదులు చికిత్సకి పంపమని కోర్టుని అడిగేది. మన చట్టాలన్నిట్లో కేసుని నిజంగా పక్కదారికి మళ్లించి మనిషిని ఆసుపత్రి గుమ్మం ఎక్కించేది 64ఏ ఒక్కటేనేమో అని నాకనిపిస్తుంది. విచిత్రంగా దాన్ని అడిగేవాళ్లే తక్కువ.

చేయాల్సింది ఇది. బెయిల్ వచ్చిన వారంలోనే ఎర్రగడ్డ మానసిక ఆసుపత్రి, విశాఖ ప్రభుత్వ మానసిక వైద్యశాల లాంటి చోటికి తీసుకెళ్లండి. 14446కి ఫోన్ చేస్తే దగ్గర్లోని కేంద్రం చెబుతారు. ఓపీ చీటీ నుంచి ప్రతి కాగితం దాచండి. డాక్టరు వ్యసనం ఉందని రాయాలి, ఒక్కసారి సరదాకి పీల్చినవాడికి ఈ కిటికీ తెరుచుకోదు. ఆ ఒక్కసారివాడిది 27వ సెక్షన్ కేసయితే ప్రొబేషన్ చట్టం ఉంది. మిగతా ఎన్డీపీఎస్ కేసుల్లో 18 దాటినవాళ్లకి ప్రొబేషన్ చట్టం వర్తించదు కాబట్టి ఛార్జిషీటులో ఏ సెక్షన్ రాశారన్నది ప్రాణంతో సమానం.

మెమో ఎప్పుడు వేయాలి

సమన్లు వచ్చి మొదటిసారి హాజరైన రోజున బెంచ్ క్లర్కు మీ సీసీ నంబర్ (కోర్టులో కేసు నంబర్) పిలుస్తారు. కుర్రాడు బోనెక్కుతాడు. జడ్జిగారు నేరమేంటో ఒక వాక్యంలో చెప్పి "ఒప్పుకుంటున్నావా?" అని అడుగుతారు. ఇదంతా నిమిషం కూడా పట్టదు. ముందే అనుకోకపోతే ఆ నిమిషంలో భయంతో నోటికొచ్చింది అనేస్తాడు.

ఒప్పుకోవడమే తప్పని నేననను. సీసీ కెమెరాలో దొరికి, సొత్తు దొరికి, రాజీ కుదరని చోట ఒప్పుకోవడం ఒక దారే. కానీ మెమో చేతిలో లేకుండా ఒప్పుకోకూడదు. విచారణ జరిపించుకుంటే, దోషి అని తేల్చిన తర్వాత శిక్ష గురించి ఏం చెప్పుకుంటావని అడిగే ఘట్టం వస్తుంది. అప్పుడు వేయాలి. చాలాసార్లు అది తీర్పు రోజునే, అదే పూట ఉంటుంది. "రేపు వేస్తామండి" అంటే రేపు ఉండదు.

మెమోలో ఏముండాలి? మా ఆఫీసులో వేసేదాని సారం ఇది:

"ముద్దాయి వయసు 20 సంవత్సరాలు, పదో తరగతి మెమో జతపరిచాము. ఇంతకుముందు ఏ కేసులోనూ శిక్ష పడలేదు. తల్లిదండ్రులతో కలిసి ఫలానా గ్రామంలో స్థిరనివాసం. ఫలానా నెల నుంచి లేత్ వర్క్‌షాపులో పనిచేస్తున్నాడు, యజమాని ఉత్తరం జతపరిచాము. ఫిర్యాదికి జరిగిన నష్టం చెల్లించాము, రసీదు జతపరిచాము. ప్రొబేషన్ ఆఫ్ అఫెండర్స్ చట్టం మూడో సెక్షన్ కింద హెచ్చరించి గానీ, కానిపక్షంలో నాలుగు, ఆరు సెక్షన్ల కింద బాండ్ మీద గానీ విడుదల చేయవలసిందిగా, ప్రొబేషన్ ఆఫీసర్ నివేదిక తెప్పించవలసిందిగా మనవి. ఆ చట్టంలోని 12వ సెక్షన్ రక్షణను ఉత్తర్వులో నమోదు చేయవలసిందిగా మనవి."

ఆ చివరి వాక్యం మర్చిపోకండి. మొదట్లో చెప్పిన గొడుగు అదే. దోషిగా తేలడం వల్ల ఏ చట్టం కిందనైనా అనర్హత వస్తుంటే, ప్రొబేషన్ మీద విడుదలైనవాడికి అది తగలకూడదని 12వ సెక్షన్ చెబుతుంది. ఉత్తర్వులో ఆ మాట లేకపోయినా రక్షణ ఉంటుంది. కానీ రేపు ఏదో ఆఫీసులో గుమాస్తాకి చట్టం పుస్తకం చూపించడం కన్నా ఉత్తర్వులోని గీత గీసిన లైను చూపించడం తేలిక.

ఇచ్చే వీలుండీ ప్రొబేషన్ ఇవ్వకపోతే ప్రత్యేక కారణాలు రాయాలని కొత్త ప్రొసీజర్ చట్టం 402వ సెక్షన్ కూడా చెబుతోంది. మెమో రికార్డులో ఉంటే ఆ కారణాలు రాయక తప్పదు. అవి బలహీనంగా ఉంటే అప్పీలుకి అదే పట్టు. ప్లీ బార్గెయినింగ్ అని, నేరం ఒప్పుకుని తక్కువ శిక్షకి మాట్లాడుకునే ఇంకో పద్ధతి ఉంది, ఛార్జి పెట్టిన 30 రోజుల్లో అడగాలి, అందులోనూ ప్రొబేషన్ రావచ్చు.

ప్రొబేషన్ ఆఫీసర్ ఇంటికొచ్చిన రోజు

కోర్టు నివేదిక అడుగుతూ లేఖ పంపుతుంది. ఆ ఆఫీసర్లకి చేతి నిండా పని, పైగా తిరగాల్సిన ఊళ్లు. లేఖ నంబరు, తేదీ రాసుకుని మూడు నాలుగు రోజుల తర్వాత మీరే వాళ్ల ఆఫీసుకెళ్లి కుర్రాణ్ణి చూపించి రండి. స్వీట్ల డబ్బా, కవరు తీసుకెళ్లకండి. పని చెడేది అక్కడే.

ఇంటికొచ్చినప్పుడు ఆయన అడిగేవి మామూలు ప్రశ్నలే. ఇంటి ఆదాయం ఎంత, ఎవరెవరు ఉంటారు, వాడు పొద్దున ఎన్నింటికి లేస్తాడు, సాయంత్రం ఎవరితో తిరుగుతాడు, మందు అలవాటుందా, చదువెందుకు ఆగింది. జవాబులు ముందే బట్టీ పట్టించకండి. ఒకింట్లో తల్లి గుమ్మంలోనే మొదలుపెట్టింది: "మావాడు బంగారమండీ, వాడికి ఏ పాపం తెలీదు." ఆయన నవ్వి మంచినీళ్లు తాగి, బయటికొచ్చి సందు చివర కిరాణా కొట్లో ఓ అరగంట కూర్చున్నారు. కొట్టాయన చెప్పింది వేరు. నివేదికలో కొట్టాయన మాట ఎక్కింది.

ఇంకో ఇంట్లో తండ్రి ఆటో తోలతాడు. ఆయన దాచలేదు. "తప్పు చేశాడండి. ఫోను కొనిపెట్టమని మూడు నెలలు అడిగాడు, నేను పట్టించుకోలేదు. ఇప్పుడు లేత్ షాపులో పెట్టాను. పొద్దున ఎనిమిదింటికి నేనే దింపుతా, రాత్రి నేనే తీసుకొస్తా." ఆయన చెబుతుంటే కుర్రాడు తల దించుకుని చేతులకంటిన గ్రీజు గోటితో గీక్కుంటున్నాడు. ఆఫీసర్ ఆ చేతులు చూశారు. నివేదికలో రెండే పంక్తులు: తండ్రి పర్యవేక్షణ ఉంది, పనిలో కుదురుకున్నాడు. ఆ రెండు పంక్తులే జడ్జిగారికి కావలసింది.

నివేదిక గోప్యం, మీకు కాపీ ఇవ్వరు. కానీ అందులోని సారం చెప్పమని కోర్టుని అడగొచ్చు. తప్పు సమాచారం ఉంటే సాక్ష్యం చూపించడానికి కోర్టు అవకాశం ఇవ్వొచ్చు.

బాండ్ రాసిన తర్వాత

జామీనుదారు పట్టాదారు పాస్‌బుక్కో, ఇంటి పన్ను రసీదో పట్టుకుని అదే రోజు కోర్టులో ఉండేలా చూసుకోండి. బాండ్ మీద షరతులుంటే తెలుగులో చదివించుకుని కుర్రాడికి వినిపించండి. ఫలానా చోటే ఉండాలి, మత్తు ముట్టకూడదు లాంటివి ఉంటాయి.

ఆరు నెలలకి వాడికి హైదరాబాద్‌లోనో బెంగళూరులోనో పని దొరుకుతుంది. చెప్పకుండా వెళ్లిపోతాడు. ఎక్కువ బాండ్లు తప్పేది ఇలాగే, కొత్త నేరాల వల్ల కాదు. చిరునామా మారేముందు ప్రొబేషన్ ఆఫీసర్‌కి చెప్పి, కోర్టులో షరతు మార్పించుకోండి. ఎనిమిదో సెక్షన్‌లో ఆ వీలుంది. షరతు తప్పితే కోర్టు వారంటు వేసి పిలిపించి, మొదటి తప్పుకి 50 రూపాయల వరకు పెనాల్టీతో సరిపెట్టొచ్చు, లేదా పాత నేరానికే శిక్ష వేయొచ్చు. రెండోది కూడా చట్టంలో ఉందని వాడికి తెలిసి ఉండాలి.

ఇక ఫారాల సంగతి. ప్రొబేషన్ వల్ల దోషి అన్న నిర్ధారణ చెరిగిపోదు, దాని వల్ల వచ్చే అనర్హతే తగలదు. కాబట్టి ఉద్యోగ ఫారంలో అడిగితే దాచొద్దు. కేసు నంబరు, కోర్టు పేరు, ఫలానా సెక్షన్ కింద విడుదల, 12వ సెక్షన్ వర్తిస్తుంది అని రాయండి. చిన్న వయసులో చేసిన చిన్న తప్పుని యజమాని మన్నించే వీలుందని సుప్రీంకోర్టు 2016లో చెప్పింది, కానీ దాచిపెట్టి దొరికితే దాచడమే ఇంకో తప్పవుతుంది. అమెరికా వీసాకి నింపే డీఎస్-160లో దోషిగా తేలడమే కాదు, అరెస్టయ్యావా అని కూడా ఉంటుంది. అక్కడ అరెస్టయ్యాక రాజీ అయినా, ప్రొబేషన్ అయినా అవునని రాసి కాగితం చూపించాల్సిందే. కేసు నడుస్తుండగా పాస్‌పోర్టు కావాలంటే కోర్టు అనుమతి తెచ్చుకోవాలి.

ఇన్నిచోట్ల అడిగేది ఒకే కాగితం, ఉత్తర్వు సర్టిఫైడ్ కాపీ. ఉత్తర్వు వచ్చిన వారంలోనే కాపీ అప్లికేషన్ వేసి రెండు తీసుకోండి. పదేళ్ల తర్వాత పాత రికార్డు గదిలో ఆ కట్ట వెతికించడం ఎంత పనో నాకు తెలుసు. ఒకటి ఇంట్లో పదో తరగతి మెమోతో పాటు పెట్టండి, ఒకటి మీ లాయరు దగ్గర ఉంచండి. లామినేషన్ మాత్రం చేయించకండి, కోర్టు సీలు చేతికి తగలాలంటారు కొన్ని ఆఫీసుల్లో.